గోడలో కలిసిపోయే ఒకే రంగు కళ: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నయాగరా, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చూపించాక ఒక్క రోజు నాకివ్వమని అడిగి, హడ్సన్ నది ఒడ్డున బీకన్ అనే ఊళ్లో ఉన్న మ్యూజియంకి తీసుకెళ్తాను. అక్కడ తెల్ల గోడల మీద తెల్ల బొమ్మలు ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు కారులో అవే సందేహాలు, ఆ తర్వాత వాట్సాప్‌లో వాళ్ల పిల్లల నుంచి మళ్లీ అవే సందేహాలు. అందరికీ పనికొస్తుందని వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్లేముందు

తెల్ల గోడకి తెల్ల పలక తగిలించి ఆర్ట్ అంటున్నారు. అసలు ఏంటిది?

ఒకే రంగుతో చేసిన పనిని మోనోక్రోమ్ అంటారు. మామూలు బొమ్మకి ఫ్రేము ఉంటుంది. ఫ్రేము లోపల ఉన్నది బొమ్మ, బయట ఉన్నది గోడ, గోడని మనం పట్టించుకోం. కొందరు కళాకారులు ఆ హద్దునే తీసేశారు. గోడ, కిటికీ, పైకప్పు, పగటి వెలుతురు అన్నీ కలిస్తేనే వాళ్ల పని పూర్తవుతుంది. చేతి పనితనం కన్నా ఆలోచనకే పెద్దపీట వేసే కాన్సెప్చువల్ ఆర్ట్ 1960లలో బలపడ్డాక ఈ దారి ఇంకా ముందుకి వెళ్లింది.

అయితే అందరూ ఆ పేరు కిందకి రారు. జీవితమంతా తెల్ల బొమ్మలే వేసిన రాబర్ట్ రైమన్ (1930–2019) తనది రియలిజం అనేవాడు. ఆ మాటలో నిజముంది. ఆయన బొమ్మలో లేని దూరాన్ని ఉన్నట్టు చూపించడం, లేని ఎండని గీయడం ఉండవు. కనిపించే పెయింటు నిజంగా పెయింటే, కనిపించే వెలుతురు నిజంగా ఆ గదిలో ఉన్న వెలుతురే.

ఇది ఎవరు మొదలుపెట్టారు?

1915 డిసెంబరులో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) జరిగిన ఒక ప్రదర్శనలో కజిమిర్ మలేవిచ్ అనే చిత్రకారుడు ఒక నల్ల చతురస్రాన్ని పెట్టాడు. ఎక్కడ పెట్టాడో చూడండి. అందరూ పెట్టినట్టు కంటి ఎత్తులో గోడ మధ్యన పెట్టలేదు. రెండు గోడలు కలిసే మూలలో, పైకప్పుకి దగ్గరగా పెట్టాడు. రష్యన్ ఇళ్లలో అది దేవుడి పటం ఉండే చోటు. మనింట్లో ఈశాన్యం మూల దేవుడి పటాలు తీసి ఒక నల్ల పలక పెడితే లోపలికి వచ్చినవాళ్లకి ఎలా ఉంటుందో, ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లకి అలా ఉండి ఉంటుంది. నా దృష్టిలో ఆ మూలలోనే ఈ కథంతా మొదలైంది. బొమ్మకి సగం అర్థం అది ఉన్న చోటు నుంచే వచ్చింది. 1918లో ఆయనే తెలుపు మీద తెల్ల చతురస్రం వేశాడు. అది ఇప్పుడు న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది.

తర్వాత పెద్ద మలుపు 1951లో వచ్చింది. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ తెల్ల రంగుని రోలర్‌తో, కుంచె గుర్తు కూడా పడకుండా క్యాన్వాసుల మీద వేశాడు. గదిలో నడిచేవాళ్ల నీడలు వాటి మీద పడేవి. సంగీతకారుడు జాన్ కేజ్ వాటిని చూసి, నీడలూ దుమ్మూ దిగే విమానాశ్రయాల్లాంటివి అన్నాడు. 1952లో ఆయన ఒక్క స్వరం కూడా వాయించని 4 నిమిషాల 33 సెకన్ల రచన చేయడానికి ఆ బొమ్మలే ధైర్యం ఇచ్చాయి.

ఎక్కడికి వెళ్తే చూడొచ్చు?

అమెరికా తూర్పు తీరంలో ఉన్నవాళ్లకి డియా బీకన్, అంటే నేను మొదట్లో చెప్పిన మ్యూజియమే, మంచి చోటు. 1929లో బిస్కెట్ డబ్బాల అట్టపెట్టెల మీద ప్రింట్ వేయడానికి కట్టిన ఫ్యాక్టరీ అది. 2003లో మ్యూజియం అయింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ నుంచి రైల్లో గంటన్నర లోపే చేరొచ్చు, స్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు.

హ్యూస్టన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ చిత్రకారుడు మార్క్ రోత్కో బొమ్మలున్న రోత్కో చాపెల్ అనే ప్రార్థన మందిరం ఉంది, ప్రవేశం ఉచితం. జర్మనీలో ఉన్నవాళ్లకి నీలం గోడలున్న గెల్సెన్‌కిర్షెన్ ఒపెరా హౌస్ దగ్గర. ఈ రెంటి గురించీ కింద చెప్తాను. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి ఫలానా బొమ్మే చూడాలనుకుంటే వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఏ టైములో వెళ్తే మంచిది?

పొద్దున్నే, లేదా మధ్యాహ్నం మూడు తర్వాత. డియా బీకన్‌లో చాలా గదులకి పైకప్పు అద్దాల నుంచి వచ్చే పగటి వెలుతురే ఆధారం. మబ్బు పట్టిన రోజు తెలుపు కాస్త నీలంగా, మెత్తగా కనిపిస్తుంది. ఎండ రోజు అదే బొమ్మ మీద కుంచె గీతలు లేచి నిలబడతాయి. మబ్బులు కదిలే రోజు దొరికితే అదృష్టం, నిలుచున్న చోటే పది రకాల తెలుపు చూస్తారు.

## గదిలోకి వచ్చాక

గదిలో ఏమీ లేదే. పొరపాటున ఖాళీ గదిలోకి వచ్చామా?

బయటికి వెళ్లిపోకుండా ముందు గోడ పక్కకి నడవండి. ముంబైలో పుట్టిన అనీశ్ కపూర్ 1992లో చేసిన పని ఒకటుంది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘నేను గర్భంతో ఉన్నప్పుడు’. ఎదురుగా నిలబడితే అది ఉత్త తెల్ల గోడ. నాలుగడుగులు పక్కకి వేశారంటే గోడ నిండు కడుపులా ముందుకి వచ్చి ఉంటుంది. ఎక్కడా అతుకు కనపడదు. ఎదురుగా ఉన్నప్పుడు నీడ పడదు కాబట్టి ఉబ్బు తెలియదు, అంతే. కానీ అది తెలిసిన క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. గోడకి ప్రాణం ఉన్నట్టు అనిపిస్తుంది.

కొన్నిసార్లు గది నిజంగానే ఖాళీగా ఉంటుంది. 1958 ఏప్రిల్ 28న పారిస్‌లో ఐరిస్ క్లెర్ గ్యాలరీలో ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ బొమ్మలన్నీ తీసేసి, గోడలకి తనే స్వయంగా తెల్లరంగు వేసి, జనాన్ని లోపలికి పిలిచాడు. బయట కిటికీకి నీలం, గుమ్మానికి నీలం తెర. నీలంలోంచి వచ్చినవాళ్లకి లోపల తెల్లటి ఖాళీ ఎదురైంది. ఆ ఖాళీనే ఆయన చూపించదలచుకున్నాడు. చూడటానికి జనం వీధిలో కిక్కిరిసిపోయారు.

బొమ్మ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఎలా చూడాలి?

అంచులు చూడండి. రైమన్ బొమ్మల్లో అసలు కథ అంచుల్లోనే ఉంటుంది. 1970ల నడుమ నుంచి ఆయన బొమ్మని గోడకి బిగించే స్టీలు పట్టీలని, బోల్టులని దాచకుండా బయటికే పెట్టాడు. అవి బొమ్మలో భాగమే. అంతకుముందు 1967లో చేసిన ఒకదానికి చుట్టూ మైనపు కాగితాన్ని ఫ్రేములాగా పెట్టి, మాస్కింగ్ టేపుతో నేరుగా గోడకే అంటించాడు. టేపు సగం కాగితం మీద, సగం గోడ మీద ఉంటుంది. మరి ఆ టేపు బొమ్మదా, గోడదా? ఆ ప్రశ్న మనసులో పడ్డాక ఇక గోడని ఖాళీ అనుకోలేం.

మా పెదనాన్నకి ఇవేవీ చెప్పకుండానే తీసుకెళ్లాను. ఆయన ఒక తెల్ల బొమ్మకి పక్కగా, చెంప గోడకి దగ్గరగా పెట్టి చూశారు. ‘ఎడమ నుంచి కుడికి లాగాడు. ఇదిగో, ఇక్కడ రంగు అయిపోయింది, మళ్లీ ముంచాడు’ అంటూ గాల్లోనే వేలితో చూపించారు. చిన్నప్పుడు సంక్రాంతికి వాళ్ల నాన్నతో కలిసి ఇంటికి వెల్ల వేసిన మనిషి ఆయన. నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క నిమిషంలో చూసేశారు.

ఎంతసేపు చూడాలి?

ఒక్క బొమ్మకి అయిదు నిమిషాలు. గదిలో పది ఉంటే రెండే ఎంచుకోండి. మొదటి నిమిషంలో ఏమీ జరగదు, రెండో నిమిషంలో విసుగొస్తుంది. మూడో నిమిషంలో కన్ను సర్దుకుని తెలుపులో తేడాలు తేలడం మొదలవుతుంది. చాలామంది రెండో నిమిషం దగ్గరే వెళ్లిపోతారు, అదే నా బాధ.

ముట్టుకోవచ్చా?

వద్దు. తెలుపు మీద వేలి నూనె మరక కొన్నాళ్లకి పసుపుగా తేలుతుంది. 2007లో ఫ్రాన్స్‌లోని అవిన్యాన్‌లో సై ట్వాంబ్లీ అనే చిత్రకారుడి తెల్ల క్యాన్వాసుని ఒకావిడ ప్రేమతోనే ముద్దు పెట్టుకుంది. ఎర్ర లిప్‌స్టిక్ దిగబడిపోయింది, కేసు కోర్టు దాకా వెళ్లింది.

మీకు కూడా ప్రమాదమే. అనీశ్ కపూర్ చేసిన ఒక పనిలో నేల మీద నల్లటి వలయం ఉంటుంది. చాపలాగా చదునుగా కనిపిస్తుంది కానీ అది దాదాపు రెండున్నర మీటర్ల గొయ్యి. లోపలంతా ఒకే రకమైన ముదురు రంగు పొడి పూయడం వల్ల లోతు తెలియదు. 2018లో పోర్చుగల్‌లోని పోర్టోలో ఒక సందర్శకుడు అందులో పడి ఆస్పత్రి పాలయ్యాడు. పిల్లల చెయ్యి పట్టుకోండి.

ఫోటో తీస్తే తెల్ల బొమ్మ బూడిదరంగులో వస్తోంది. ఎందుకు?

కెమెరా కనిపించినదాన్నంతా సగటు బూడిదరంగు స్థాయికి సర్దాలని చూస్తుంది. ఎదురుగా అంతా తెలుపే ఉంటే వెలుతురు ఎక్కువైందని లెక్కేసుకుని తగ్గించేస్తుంది. ఫోన్‌లో తెర మీద ఒకసారి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. ఎదురుగా కాకుండా పక్క నుంచి తీస్తే గీతలు కూడా పడతాయి. ఎంత బాగా తీసినా సగమే వస్తుంది. ఈ రకం కళ ఫోన్‌లో చూసి ‘ఇందులో ఏముంది’ అనేవాళ్ల తప్పు లేదు, ఫోన్‌లో నిజంగానే ఏమీ లేదు.

అమ్మానాన్నలకి బోర్ కొడుతుందేమో?

నా అనుభవంలో పెద్దవాళ్లకి కొట్టదు. వాళ్లకి గోడలు తెలుసు, వెల్ల తెలుసు, వాకిట్లో ఎండ ఎప్పుడు ఎక్కడికి వస్తుందో తెలుసు. కూర్చోవడానికి బెంచీ ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

## చేయడం వెనక

ఇలాంటిది మా పాప కూడా వేస్తుంది కదా?

రంగు పూయడం వరకు వేస్తుంది. కానీ ఏ గోడకి, ఏ ఎత్తులో, ఎంత మందంగా, ఏ వెలుతురులో, అంచుని ఏం చేయాలి అనేవి తేల్చడమే ఇందులో పని. రైమన్ జాజ్ శాక్సఫోన్ వాయించడానికి న్యూయార్క్ వచ్చి, 1953 నుంచి ఏడేళ్లు మోమాలో గార్డుగా పనిచేశాడు. రోజంతా బొమ్మలని, అవి వేలాడే గోడలని, వాటి మీద మారే వెలుతురుని చూస్తూ నిలబడటమే ఆయన చదువు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు దాదాపుగా చతురస్రం, తెలుపు, ఈ రెంటితోనే పని చేశాడు. అంత ఓపిక చిన్న విషయం కాదు.

తెలుపంతా ఒకటే కదా?

కాదు. పెయింటు షాపులో తెలుపు కార్డులు చూసినవాళ్లకి తెలుసు. జింక్ తెలుపు పల్చగా, చల్లగా ఉంటుంది. టైటానియం తెలుపు కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. సీసంతో చేసిన పాత తెలుపు కాస్త వెచ్చగా ఉంటుంది. నూనె రంగు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అక్రిలిక్ అంతగా మారదు. ఎనామిల్ మెరుస్తుంది, పాల ప్రొటీన్‌తో చేసే కేసీన్ రంగు మెరవదు. రైమన్ ఇవన్నీ వాడాడు. నార బట్ట, స్టీలు, అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్, అట్ట, వేటి మీద పడితే వాటి మీద వేశాడు. ఒక వరస బొమ్మలకి వాడిన పెయింటు కంపెనీ పేరు మీదుగా ‘విన్సర్’ అని పేరు పెట్టాడు.

సున్నం వేసే ఇంట్లో పెరిగినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. తడిగా ఉన్నప్పుడు వేసినట్టే ఉండదు, కింద పాత గోడ మరకలన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఆరే కొద్దీ అంచుల నుంచి తెలుపు తేలి మధ్యకి వస్తుంది. ఇంకా తెల్లగా కనపడాలని సున్నం నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపేవాళ్లు. నీలం కలిస్తేనే తెలుపు తెల్లగా ఉంటుందని మనవాళ్లకి ఎవరూ క్లాసు తీసుకోకుండానే తెలుసు.

తెలుపే ఉండాలా? వేరే రంగులతో చేసినవి లేవా?

బోలెడు. బట్టలకి పెట్టే నీలిమందులో వాడుతూ వచ్చిన అల్ట్రామెరీన్ పొడినే ఈవ్ క్లైన్ తన రంగుగా చేసుకున్నాడు. జిగురు కలిస్తే పొడి కళ తప్పుతుంది కాబట్టి, పొడి పొడిలాగే కనిపించే ప్రత్యేకమైన రెజిన్‌లో కలిపాడు. గెల్సెన్‌కిర్షెన్ ఒపెరా హౌస్ కడుతున్నప్పుడు ఆర్కిటెక్ట్ వెర్నర్ రూనౌ ఆయన్ని పనిలో కలుపుకున్నాడు. 1959 డిసెంబరులో తెరిచిన ఆ భవనం హాల్లో ఏడు మీటర్ల ఎత్తు, ఇరవై మీటర్ల పొడవున్న నీలం గోడలు రెండున్నాయి. వేరే గోడల మీద నీలంలో ముంచిన స్పంజీలు గుత్తులుగా ఉంటాయి. ముందు భాగమంతా అద్దమే కావడంతో రాత్రిపూట లైట్లు వేస్తే ఆ నీలం వీధిలోకి కనిపిస్తుంది.

హ్యూస్టన్ చాపెల్‌లో మార్క్ రోత్కో వేసిన 14 బొమ్మలు నలుపుకీ, వంగపండు రంగుకీ మధ్య ఉంటాయి. ఎనిమిది మూలల గది అది. రోత్కోని కాన్సెప్చువల్ కళాకారుడు అనరు, కానీ గది లేకుండా ఆ బొమ్మల్ని ఊహించలేం. అది 1971లో తెరిచారు, ఆయన అప్పటికే ఏడాది క్రితం చనిపోయాడు. టెక్సస్ ఎండ మరీ ఎక్కువై పైకప్పు అద్దంతో దశాబ్దాలు తంటాలు పడి, 2020లో కొత్తది పెట్టాక గాని వెలుతురు కుదురుకోలేదు. 2024లో తుఫానుకి పైకప్పు కారి కొన్ని బొమ్మలు దెబ్బతిన్నాయి, కొన్ని నెలలు మూసేశారు. బొమ్మ భవనంలో కలిసిపోతే భవనం కష్టాలు కూడా బొమ్మవే అవుతాయి.

ఒక గది కోసం చేసినదాన్ని ఇంకో చోటికి మార్చొచ్చా?

కొన్నింటిని కుదరదు. 1977లో రాబర్ట్ ఇర్విన్ న్యూయార్క్ విట్నీ మ్యూజియం నాలుగో అంతస్తులో ఒక పెద్ద హాలుని ఖాళీ చేయించాడు. దోమతెరంత పల్చని తెల్ల గుడ్డని హాలు పొడవునా పైకప్పు నుంచి కంటి ఎత్తు దాకా దించాడు. దాని అడుగున నల్ల కడ్డీ, చుట్టూ గోడల మీద అదే ఎత్తులో నల్ల గీత. లైట్లు లేవు, కిటికీ వెలుతురు ఒక్కటే. ఆ వెలుతురు గుడ్డ మీద పడే తీరుని బట్టి, కొన్ని వైపుల నుంచి అది గోడలా గట్టిగా ఉంటుంది, కొన్ని వైపుల నుంచి పొగలా మాయమవుతుంది.

2013లో అదే హాల్లో మళ్లీ కట్టారు. తర్వాత మ్యూజియం ఆ భవనం ఖాళీ చేసి, 2015లో వేరే చోట తెరుచుకుంది. గుడ్డ, కడ్డీ ఎక్కడైనా కట్టొచ్చు, కానీ ఆ కిటికీ అక్కడే ఉండిపోయింది.

## కొనడం, కాపాడటం

దీనికి అన్ని కోట్లు ఎవరిస్తారు?

ధరని చూసి కళని అంచనా వేయకండి, అటూ ఇటూ మోసపోతాం. 1967లో రైమన్ మొదటి సొంత ప్రదర్శనలో స్టీలు పలకల మీద వేసిన 13 బొమ్మలు పెట్టాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. 2015లో ఆయన వేసిన ‘బ్రిడ్జ్’ వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది. ఆ మధ్యలో మారింది చూసేవాళ్ల కళ్లు, మార్కెట్.

గోడలోంచి చెక్కేసిన చతురస్రం కూడా ఆర్టేనట. దాన్ని ఎలా కొంటారు?

లారెన్స్ వీనర్ 1968లో చేసినది అది. 36 అంగుళాల చదరంలో గోడ ప్లాస్టర్‌ని లోపలి చట్రం దాకా తీసేయడం. రంగు లేదు, వస్తువు లేదు, గోడ లోపలి ఒళ్లు కనపడటమే పని. కొన్నవాళ్లకి దక్కేది ఆ వాక్యం, దాన్ని అమలు చేసే హక్కు. సాల్ లెవిట్ గోడ చిత్రాలు కూడా అంతే. ఎలా వేయాలో రాసిన సూచనలు, దానికొక ధ్రువపత్రం ఉంటాయి. ప్రదర్శన అయ్యాక గోడకి రంగు వేసి చెరిపేస్తారు, మళ్లీ కావాలంటే సూచనలు చూసి ఇంకెవరో వేస్తారు. పండగ ముగ్గు మర్నాడు చెరిగిపోయినా ముగ్గు మనకి వచ్చే ఉంటుంది కదా, దాదాపు అలాంటిదే.

పాడైతే మళ్లీ అదే రంగు వేసేస్తే సరిపోదా?

ఎవరి పని అనేదాన్ని బట్టి ఉంటుంది. రౌషెన్‌బర్గ్ తెల్ల క్యాన్వాసులకి మళ్లీ రంగు వేయడానికి ఆయనే ఒప్పుకున్నాడు. 1968లో ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న బ్రైస్ మార్డెన్ వాటిని తిరిగి వేశాడు. అక్కడ ముఖ్యం మరక లేని తెలుపు.

బార్నెట్ న్యూమన్ ఎర్ర బొమ్మ సంగతి వేరు. అయిదు మీటర్లకి పైగా పొడవున్న దాన్ని 1986లో ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో ఒకడు కత్తితో కోశాడు. బాగుచేసి తెచ్చాక, రోలర్‌తో రంగు కొట్టేశారని పెద్ద గొడవైంది. దూరం నుంచి చూస్తే అదే ఎరుపు. కానీ న్యూమన్ పొర మీద పొరగా వేసిన లోతు పోయిందని చాలామంది బాధపడ్డారు. మామూలు బొమ్మలో అతుకు ఒక చెట్టు వెనకో, చీర మడతలోనో దాగుతుంది. ఒకే రంగు బొమ్మలో దాక్కునే చోటు లేదు.

## ఇంటికొచ్చాక

మా ఇంట్లో గోడకి ఇలాంటిది చేసుకోవాలంటే?

రెండడుగుల చదరపు ప్లైవుడ్ పలక తీసుకోండి. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. గోడకి వేసిన పెయింటే సగానికి మ్యాట్‌లో, మిగతా సగానికి కొంచెం మెరిసే రకంలో వేయండి. రంగు ఒకటే, మెరుపు మాత్రం వేరు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ వద్దు, కిటికీ పక్కన ఉన్న గోడ చూసుకోండి, వెలుతురు పక్క నుంచి రాసుకుంటూ వెళ్లాలి. ఆ గోడకి క్యాలెండర్, గడియారం, ఇంకేమీ పెట్టకండి.

మాది మెట్ల దగ్గరుంది. వచ్చినవాళ్లలో సగం మంది చూడరు. డిసెంబరులో మూడున్నర దాటాక కిటికీలోంచి ఎండ ఆ పలక మీదకి జారుతుంది. మెరుపున్న సగం ముందు వెలుగుతుంది, మిగతా సగం గోడలోనే ఉండిపోతుంది. పావుగంటలో ఎండ పక్కింటి కప్పు వెనక్కి వెళ్తుంది, పలక మళ్లీ గోడ అయిపోతుంది.